బాగున్న రోజున కూడా అంతే పని

వైరల్ జ్వరం త్వరగానే తగ్గింది గానీ నీరసం నెలల తరబడి వదల్లేదు. స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చుంటే మళ్లీ లేచే ఓపిక ఉండేది కాదు, ఒకే వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. నాది ఇంటి నుంచి సొంతంగా చేసుకునే ఎడిటింగ్ పని. పైన అధికారి లేరు, హాజరు పట్టీ లేదు, జీతంతో కూడిన సెలవు అసలే లేదు. అందుకని కాస్త ఓపిక ఉన్న రోజున పేరుకుపోయిన పనంతా ముందేసుకుని కూర్చునేదాన్ని, ఆ రోజు కూడా చేయకపోతే నెలాఖరుకి బిల్లు పంపడానికి ఏమీ మిగలదు కాబట్టి. ఆ రోజు బాగానే గడిచేది, మర్నాడు కూడా ఫరవాలేదనిపించేది, ఆ తర్వాత మాత్రం మంచం దిగలేకపోయేదాన్ని.

అందరూ బర్నౌట్ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణలో బర్నౌట్‌ని జబ్బుగా కాకుండా, అదుపు తప్పిన పని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితిగా రాశారు. నా విషయంలో మాత్రం పని మానేసినా, ఇల్లు సర్దితే చాలు, రెండు రోజులకి పడిపోయేదాన్ని. డాక్టరు గారు ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, లివర్, కిడ్నీ పరీక్షలన్నీ చేయించారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అప్పుడాయన, "శ్రమపడిన రోజు సంగతి కాదమ్మా, ఆ తర్వాతి రెండు రోజులు ఎలా ఉంటున్నారో చెప్పండి" అన్నారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. వైరల్ ఇన్ఫెక్షన్ల తర్వాత కొందరిలో ఇలా జరుగుతుందట, చేసిన పనికి ఫలితం చాలాసార్లు 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా కనిపిస్తుందట. రోజూ కొంచెం కొంచెం వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే సలహా ఇలాంటివాళ్లకి హాని చేయొచ్చని, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో ఇచ్చినవాటిలో దాన్ని పక్కన పెట్టిందని కూడా చెప్పారు. బలవంతంగా నడిస్తే తగ్గిపోతుందని చెప్పేవాళ్ల మాటతో నేను చాలా బాధపడి ఉన్నాను, అందుకే ఆ ఒక్క విషయం వినగానే నాకు ఏడుపొచ్చింది.

ఆయన చెప్పిన పద్ధతిని పేసింగ్ అంటారు. అలిసిపోయాక ఆగడం కాదు, అలుపు రాకముందే ఆగాలి. చెప్పడం తేలికే గానీ, ఎక్కడ ఆగాలో తెలియాలంటే లెక్క కావాలి కదా. నోట్‌బుక్‌లో ఏ రోజు ఏం చేశానో ఒక పక్క, ఆ తర్వాతి రెండు రోజులు ఎలా ఉన్నానో ఇంకో పక్క రాసుకుంటూ పోయాను. కొన్ని వారాలకి చిత్రమైన సంగతులు బయటపడ్డాయి. ఎడిటింగ్ కంటే ఫోన్లో మాట్లాడటమే నన్ను ఎక్కువగా పడగొడుతోంది. నిలబడి చేసే స్నానం సగం పూట పనికి సమానం. బిల్లులు, మెయిళ్లు పడుకుని కూడా చేసుకోవచ్చు, వాక్యాలు సరిదిద్దడం మాత్రం ఉదయం పూటే కుదురుతుంది.

దాన్ని బట్టే రోజుని కట్టుకున్నాను. ముందు విశ్రాంతి వేళలు రాసి పెట్టి, మిగిలిన చోట్లలో పని పెట్టాను, ఇదివరకు ఎప్పుడూ అటునుంచి ఆలోచించలేదు. ఉదయం ఇరవై నిమిషాలు ఎడిటింగ్, టైమర్ మోగగానే వాక్యం సగంలో ఉన్నా సరే ఆపేసి కళ్లు మూసుకుని పడుకోవడం, ఫోన్ పక్కగదిలో. మళ్లీ ఇరవై నిమిషాలు. స్నానం చేసిన రోజున కాల్స్ లేవు. మధ్యాహ్నం తర్వాత కాఫీ కూడా మానేశాను. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, పైగా అది అలుపుని తగ్గించదు, తెలియకుండా కప్పేస్తుంది, నాకేమో అలుపు తెలియడమే ముఖ్యం.

అన్నిటికంటే కష్టమైంది బాగున్న రోజు. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, మనసు ఉరకలేస్తుంది, ఇంకో గంట చేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ రోజున కూడా అంతే పని, అంతే పడక. మా అక్క ఆ రోజుల్లో మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏమే, ఆపేశావా?" అని ఒక్క మాట అడిగి పెట్టేసేది, ఎక్కువ మాట్లాడితే నాకు అదీ శ్రమేనని దానికి తెలుసు. రెండు మూడు వారాలు వరుసగా పడిపోకుండా ఉంటేనే ఒకే ఒక్క పనిలో కొద్దిగా పెంచేదాన్ని, అది పడకపోతే మళ్లీ పాత లెక్కకి వెళ్లేదాన్ని.

పని ఇచ్చేవాళ్లకి ఎలా చెప్పాలన్నది పెద్ద టెన్షన్. నాకు పట్టే రోజులకి రెట్టింపు గడువు అడగడం మొదలుపెట్టాను, కారణం కూడా దాచలేదు. ఒకరు వెళ్లిపోయారు, మిగతావాళ్లు సరేనన్నారు. రాబడి తగ్గింది, ఆ కాలమంతా దాచుకున్న డబ్బుతోనే గడిచింది. ఆ వెసులుబాటు లేనివాళ్లకి ఈ పద్ధతి ఎంత కష్టమో ఊహించగలను, వాళ్లకి కావలసింది ఇంట్లోవాళ్ల సాయం, గడువు విషయంలో దయ చూపించే మనుషులు.

ఇప్పుడు చాలావరకు తేరుకున్నాను. అర పూట నిలకడగా పని చేస్తున్నాను, నడుస్తున్నాను, పుస్తకం చదువుతున్నాను. పాత గంటలకి తిరిగి వెళ్లాలని మాత్రం లేదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. సొంత పని చేసుకునేవాళ్లం ఆ గంటలు లెక్కే పెట్టుకోం. కొత్తవాళ్లు పని ఇస్తామంటే ఇప్పుడు నేను ముందుగా పంపేది నా వేళల పట్టికే, అందులో మధ్యాహ్నం విశ్రాంతి కూడా రాసి ఉంటుంది, రేటు గురించి మాట్లాడటం ఆ తర్వాతే.