రివిజన్ మారినా అప్రూవల్ పోకుండా: ఈ వారం పని

సొంతంగా రాసుకుంటున్న కోడ్ రివ్యూ టూల్‌లో (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసి ఓకే చేయడానికి) ఈ వారమంతా ఒకే సమస్య మీద కూర్చున్నాను. ఒక కామెంట్ పెడతాం, కోడ్ రాసినవాళ్ళు సరిచేస్తారు, చూసి ఓకే కొడతాం. తర్వాత వాళ్ళు రీబేస్ చేసి (తమ మార్పులని తాజా కోడ్ మీదికి తెచ్చి) కొత్త రివిజన్ పంపగానే ఆ ఓకేలన్నీ పోయి కామెంట్లు మళ్ళీ ఓపెన్ అవుతున్నాయి. చూసిందే మళ్ళీ చూడమంటే ఎవరికైనా విసుగొస్తుంది, ఆ విసుగులోనే అసలు తప్పులు కళ్ళు దాటిపోతాయి.

కామెంట్‌ని కమిట్ హాష్‌కి (గిట్‌లో దాచిన ఒక్కో మార్పుకి, అందులో ఉన్నదాన్నిబట్టి లెక్కగట్టే గుర్తు), లైన్ నంబర్‌కి కట్టేయడమే దీనికి మూలం. హాష్‌లో పేరెంట్ కమిట్ (దానికి ముందున్నది) కూడా కలుస్తుంది కాబట్టి రీబేస్ చేస్తే అది మారక తప్పదు. గెరిట్ అనే కోడ్ రివ్యూ టూల్‌లో దీనికి, రీబేస్ చేసినా మారని ఛేంజ్-ఐడీ ఉంటుంది: కమిట్ మెసేజ్ చివర ఒక ఐ అక్షరం, దాని తర్వాత 40 హెక్స్ అక్షరాలు. నేనూ ఒక హుక్ (కమిట్ చేసినప్పుడు దానంతటదే నడిచే చిన్న స్క్రిప్ట్) పెట్టి అలాంటిదే రాయిస్తున్నాను, ఆ సగం ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

లైన్ నంబర్లే చాలా టైమ్ తిన్నాయి. పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ మధ్య డిఫ్‌ని (తేడాల జాబితాని) చుట్టుపక్కల లైన్లు లేకుండా (సున్నా కాంటెక్స్ట్‌తో) తీస్తున్నాను, లెక్క తేలికవుతుందని. @@ -40,2 +40,5 @@ అని ఉంటే (మైనస్ పక్కన పాత ఫైల్లో లైన్ నంబర్, ఎన్ని లైన్లో; ప్లస్ పక్కన కొత్త ఫైల్లోవి) పాత 2 లైన్ల చోట 5 వచ్చాయి, కాబట్టి 70వ లైను కామెంట్ 73కి జరగాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ @@ -40,0 +41,3 @@ అని వస్తే 40వ లైను మారినట్టు కాదు, దాని తర్వాత కొత్తగా 3 లైన్లు చేరాయని. అంటే 40 మీద ఉన్న కామెంట్ కదలకూడదు, 41 నుంచే జరగాలి. ఇది పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. మీరూ ఇలాంటిది రాస్తుంటే మొదటి టెస్ట్ దీనికే రాయండి.

తర్వాతది డిజైన్‌లో మార్పు, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కామెంట్ స్థానం, అప్రూవల్ రెండూ వేర్వేరు టేబుల్స్‌లోకి తీశాను. కామెంట్ కాస్త పక్కకి పడినా మనిషి చూసి సర్దుకుంటాడు, కానీ ఎవరూ చూడని కోడ్ మీద అప్రూవ్డ్ అని పచ్చగా కనిపిస్తే అది అబద్ధమే. అందుకే అప్రూవల్‌తో పాటు ఆ లైన్లకీ, పైన 3, కింద 3 లైన్లకీ హాష్ దాస్తున్నాను. హాష్ అచ్చంగా కలిస్తేనే ఓకే కొత్త రివిజన్‌కి వస్తుంది, లేకపోతే కామెంట్ మాత్రం జరిగి 'మళ్ళీ చూడాలి' అని పడుతుంది. పాత అప్రూవల్ రికార్డుని ముట్టుకోను, '2వ రివిజన్ నుంచి తెచ్చినది' అని కొత్తది రాస్తాను, ఎవరు నిజంగా ఏది చూశారో తెలియాలి కదా.

మధ్యలో గిట్ ప్యాచ్-ఐడీ (ఒక డిఫ్ మొత్తానికి గిట్ లెక్కగట్టే హాష్) వాడదామనుకున్నాను, రీబేస్‌లకి అది చక్కగా సరిపోతుంది, లైన్ నంబర్లు పట్టించుకోదు. చిక్కేమిటంటే మామూలుగా స్పేస్‌లని కూడా పట్టించుకోదు. పైథాన్‌లో లైను ముందున్న స్పేస్‌లే అది లూప్ లోపలుందో బయటుందో చెప్తాయి, ఒక రిటర్న్ లైను లూప్ లోపలి నుంచి బయటికి వచ్చిందంటే అర్థమే మారిపోతుంది, ప్యాచ్-ఐడీకి మాత్రం రెండూ ఒకటే! వెర్బేటిమ్ ఆప్షన్ ఇస్తే స్పేస్‌లని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, కానీ నాకు కావలసింది ఒక్కో కామెంట్ స్థాయిలో కాబట్టి సొంత హాష్‌తోనే ఉండిపోయాను.

ఇంకో ఫైల్లో ఫంక్షన్ మారి, దాన్ని పిలిచే లైను అలాగే ఉంటే మాత్రం నా హాష్ పట్టుకోలేదు. ప్రస్తుతానికి రివిజన్ పేజీ పైన ఈసారి మారిన ఫైళ్ళన్నీ చూపిస్తున్నాను, అంతకంటే మంచి దారి దొరకలేదు.

వచ్చే వారం పేరు మారిన ఫైళ్ళు. గిట్ మామూలుగా 50% పోలిక ఉంటే రీనేమ్ అంటుంది. కామెంట్ వెంట వెళ్ళడానికి అది చాలు, అప్రూవల్‌కి మాత్రం ఇక్కడా హాష్ కలవాల్సిందే.