క్రాకోవ్‌లో శనివారం, అమ్మా నేనూ

పోలండ్‌లో మేముండే వ్రొత్స్వాఫ్ నుంచి క్రాకోవ్‌కి ట్రైన్‌లో మూడు గంటల పైనే పడుతుంది, పొద్దున ఆరింటి ట్రైన్ అనేసరికి అమ్మ నాలుగింటికే లేచి పులిహోర కలిపేసింది. అక్కడ అన్నీ దొరుకుతాయమ్మా అంటే "దొరికేవి నువ్వు తిను, నాకు దొరకనప్పుడు నేనిది తింటా" అంది. నాన్న చలికి పడదని గుంటూరులోనే ఉండిపోయాడు కాబట్టి ఈ విజిట్ వీసా మొత్తం అమ్మదే రాజ్యం. అక్టోబర్ చలి కదా, చీర మీద స్వెట్టరు, దాని మీద నా జాకెట్టు, కాళ్ళకి స్పోర్ట్స్ షూ, నెత్తిన మంకీ క్యాపు. ట్రైన్‌లో ఎదురు సీటు పోలిష్ ముసలావిడ అమ్మ చీర అంచునే చాలాసేపు చూసి చివరికి బాగుంది అన్నట్టు చెయ్యి ఊపింది, అమ్మ వెంటనే పులిహోర డబ్బా మూత తీసింది. ఆవిడ తిన్నది కూడా!

స్టేషన్‌లో దిగి సబ్‌వేలోంచి బయటికొస్తే ప్లాంటీ అని పార్కు వస్తుంది. మామూలు పార్కులా చతురస్రంగా ఉండదు, పాత ఊరి చుట్టూ దాదాపు నాలుగు కిలోమీటర్లు తిరిగొస్తుంది. ఒకప్పుడు అక్కడ కోట గోడ, దాని బయట కందకం ఉండేవట, 19వ శతాబ్దం మొదట్లో గోడ కొట్టేసి కందకం పూడ్చి చెట్లు నాటారు. గోడలో మిగిలింది కాస్తే, ఫ్లోరియన్ గేటు, దాని ముందు గుండ్రంగా ఉండే బార్బికన్ అనే బురుజు, ఇంకో చిన్న ముక్క. దారిలో బళ్ళమీద ఓబ్వజానెక్ అమ్ముతున్నారు, మెలితిప్పిన రింగు బ్రెడ్డు, పైన నువ్వులో గసగసాలో ఉంటాయి. గసగసాలది కొన్నాను, అమ్మ సగం తిని సగం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టింది, ఆ బ్యాగ్‌లో ఏమేం ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

మెయిన్ స్క్వేర్‌ని వీళ్ళు రినెక్ అంటారు. ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు, యూరప్‌లో మధ్యయుగాల నాటి స్క్వేర్లలో ఇంత పెద్దవి చాలా తక్కువ. 1241లో తాతార్లు, అంటే మంగోల్ సేనలు, వచ్చి ఊరిని తగలబెట్టి పోయాక 1257లో కొత్తగా గీత గీసి కట్టిన ప్లాన్ ఇది, ఇప్పటికీ వీధులు అదే లెక్కలో ఉన్నాయి. మధ్యలో పొడుగ్గా సుకియెన్నిత్సె, అంటే పాత బట్టల మార్కెట్టు, ఇప్పుడంతా అంబర్ నగలూ ఫ్రిజ్ మాగ్నెట్లే. మేం వెళ్ళేసరికి పది కావస్తోంది, సెయింట్ మేరీస్ చర్చి పెద్ద టవర్ పైన కిటికీలోంచి బూర మొదలైంది, దాన్ని హెయ్‌నావ్ అంటారు, ప్రతి గంటకీ ఊదుతారు, నాలుగు దిక్కులకీ నాలుగు సార్లు. పాట సాగుతూ సాగుతూ టక్కున మధ్యలో ఆగిపోతుంది. అమ్మ తలెత్తి ఇంకా ఉందేమోనని చూస్తూనే ఉంది. తాతార్లు రావడం చూసి కాపలావాడు బూర ఊదుతుంటే గొంతులో బాణం తగిలి ఆగిపోయిందనీ, అందుకే ఇప్పటికీ అక్కడే ఆపుతారనీ కథ చెప్పాను. ఈ కథ నిజానికి అంత పాతదేం కాదు, 20వ శతాబ్దంలోనే బాగా ప్రచారంలోకి వచ్చింది, కానీ అమ్మకి అది చెప్పలేదు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్న మనిషికి హిస్టరీ క్లాసు ఏం పీకుతాం. నాకైతే కథకంటే ఊదేవాళ్ళ సంగతి నచ్చింది, వాళ్ళు ఫైర్ సర్వీస్ ఉద్యోగులు, షిఫ్టుల్లో రాత్రీ పగలూ ఆ టవర్లోనే డ్యూటీ. 1927 నుంచి మధ్యాహ్నం పన్నెండింటిది దేశమంతా రేడియోలో వస్తోంది. నాలుగోసారి ఊదాక ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు, అమ్మ రెండు చేతులూ ఊపింది.

చర్చి లోపల కప్పు అంతా నీలం, దాని మీద బంగారు చుక్కలు. ముందు ఫైట్ స్టోస్ చెక్కిన ఆల్టర్, 1477లో మొదలుపెట్టి 1489కి పూర్తి చేశాడు, నిలువు దాదాపు 13 మీటర్లు, అంతా చెక్కే. యుద్ధంలో నాజీలు దాన్ని ముక్కలుగా విప్పి జర్మనీకి పట్టుకుపోయారు, 1946లో తిరిగొచ్చింది. అమ్మ ఆ బొమ్మల చేతుల మీద నరాలు ఉబ్బి ఉండటం చూపించి "వీళ్ళు దేవుళ్ళు కాదే, మనలాంటి పనిచేసుకునే వాళ్ళే" అంది. నేనైతే అది చూసేదాన్నే కాదు.

అక్కణ్ణుంచి చార్తోరిస్కి మ్యూజియం, ఎందుకంటే లియొనార్డో డావించి వేసిన ఆడవాళ్ళ పోర్ట్రెయిట్లు మొత్తం ప్రపంచంలో నాలుగే ఉన్నాయంటారు, అందులో ఒకటి ఇక్కడ. చీకటి గదిలో ఒక్క బొమ్మే, చేతిలో ఎర్మిన్ అనే తెల్లటి చిన్న జంతువుని పట్టుకున్న అమ్మాయి, చెచీలియా గల్లెరాని. అమ్మ దగ్గరికెళ్ళి "ముంగిసనా అది?" అని గట్టిగా అడిగింది, గార్డు నవ్వాడు, భాష రాకపోయినా ఏం అడిగిందో అర్థమైనట్టుంది. ఇదీ నాజీలు ఎత్తుకుపోయిందే, ఇక్కడి గవర్నర్ హాన్స్ ఫ్రాంక్ దీన్ని వావెల్ కోటలో పెట్టుకున్నాడు, చివరికి బవేరియాలో దొరికింది. ఇదే కలెక్షన్లోంచి పోయిన రాఫెల్ బొమ్మ మాత్రం ఇప్పటికీ దొరకలేదు, మ్యూజియం వాళ్ళు దాని ఖాళీ ఫ్రేము ఏళ్ళ తరబడి గోడకి వేలాడదీసి ఉంచారు.

మధ్యాహ్నం మిల్క్ బార్‌కి వెళ్ళాం. పేరు చూసి పాలు దొరుకుతాయనుకోవద్దు, ఇది కమ్యూనిస్టుల కాలం నాటి చవక క్యాంటీన్, ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, పెన్షనర్లూ స్టూడెంట్లూ నిండిపోయి ఉంటారు. పియెరోగి రుస్కియె తీసుకున్నాం, అచ్చం మన కజ్జికాయే, కాకపోతే లోపల కొబ్బరి బదులు బంగాళాదుంపా, పనీర్ లాంటి చీజూ, పైగా ఉడకబెట్టింది. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోండి, పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు కొన్నిచోట్ల, వద్దని ముందే చెప్పాలి. అమ్మ అటూ ఇటూ చూసి బ్యాగ్‌లోంచి కందిపొడి పొట్లం తీసింది. ఉప్పు తక్కువని కంప్లయింటు కూడా, పోలండ్ రాజుల ఖజానాయే ఉప్పు గనుల మీద నడిచిందమ్మా అంటే "మరి వీళ్ళకెందుకు వెయ్యట్లేదూ" అంది.

వావెల్ కోట గురించి ఎక్కువ రాయను, లోపల టికెట్లు అయిపోయాయి, కొండెక్కి ఆవరణ చూసి కథీడ్రల్ గుమ్మం పక్కన గొలుసుకి వేలాడే రాక్షస ఎముకలు చూసి దిగిపోయాం. డ్రాగన్ ఎముకలంటారు, నిజానికి ఏ తిమింగలానివో మామత్‌వో అట. కింద విస్తులా ఒడ్డున లోహపు డ్రాగన్ కొన్ని నిమిషాలకోసారి నోట్లోంచి మంట వదులుతుంది, పిల్లలు కేకలు. ఆ డ్రాగన్‌ని చంపింది రాజో వీరుడో కాదు, చెప్పులు కుట్టేవాడు, గొర్రె తోల్లో గంధకం కూరి పెడితే తిని దాహం ఆగక నది తాగి తాగి పేలిపోయిందట. అమ్మకి ఈ కథ తెగ నచ్చింది.

తర్వాత కజిమెష్. 1335లో రాజు కజిమిర్ వేరే ఊరుగా కట్టించాడు, తర్వాత శతాబ్దాలపాటు యూదుల పేట. యుద్ధానికి ముందు క్రాకోవ్‌లో ప్రతి నలుగురిలో ఒకరు యూదులు, అరవై వేలకు పైనే. శనివారం యూదుల విశ్రాంతి రోజు కాబట్టి రెముహ్ సినగాగ్, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరం, మూసి ఉంది. బయట షెరోకా వీధిలో మాత్రం తిరణాలే, రెస్టారెంట్లకి పాతకాలం యూదు కొట్ల పేర్లతో బోర్డులు, లోపల యూదుల క్లెజ్మర్ సంగీతం, బ్యాటరీ బళ్ళ వాళ్ళు "గెట్టో, షిండ్లర్ ఫ్యాక్టరీ" అని పిలుస్తుంటారు. 1993లో 'షిండ్లర్స్ లిస్ట్' అనే హాలీవుడ్ సినిమా ఇక్కడ తీశాక ఈ జోరు మొదలైంది, అప్పటిదాకా ఇదో పాడుబడ్డ పేట. అమ్మ కాసేపు చూసి "ఇళ్ళన్నీ బానే ఉన్నాయి కదే, మరి ఆ జనం ఎక్కడున్నారు?" అంది. ఏం చెప్పాలో తెలీక నదివైపు నడిపించుకెళ్ళాను.

నాకు ఇది చాలా రోజులుగా నలుగుతున్న సంగతే. వార్సాలో 1944 తిరుగుబాటు తర్వాత జర్మన్లు ఊరిని ఇల్లిల్లూ పేల్చేశారు, అక్కడ పాత ఊరు పేరుతో చూపించేది తర్వాత మళ్ళీ కట్టింది. క్రాకోవ్ దాదాపు చెక్కు చెదరలేదు, అందుకే టూరిస్టులంతా 'ఎంత ఒరిజినలో' అని ఇక్కడికొస్తారు, మేమూ అందుకే వచ్చాం. కానీ కట్టినవాళ్ళూ కాపురమున్నవాళ్ళూ లేని ఇంటిని ఒరిజినల్ అనడం ఎలాగో నాకు అర్థం కాదు. ఆ సంగీతం వాయించేవాళ్ళని తప్పు పట్టట్లేదు, మర్చిపోవడం కంటే నయమే, అయినా సూప్ తాగుతూ వినడానికి నాకైతే మనసొప్పలేదు.

బెర్నాటెక్ బ్రిడ్జి దాటితే పోద్గూజె. 1941 మార్చిలో నాజీలు గెట్టో, అంటే యూదుల్ని బంధించి ఉంచే పేట, పెట్టింది కజిమెష్‌లో కాదు, ఇక్కడ. మూడు వేల మంది ఉండే ముప్పై వీధుల్లో పదిహేను వేల మందిని కుక్కారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో కొందరిని అక్కడే చంపి, మిగతావాళ్ళని క్యాంపులకి తోలేసి ఖాళీ చేసేశారు. అక్కడి గెట్టో హీరోస్ స్క్వేర్‌లో ఇప్పుడు ఖాళీ కుర్చీలు, మొత్తం 70, చిన్నవీ పెద్దవీ. మనుషుల్ని తీసుకెళ్ళాక వాళ్ళు మోసుకొచ్చిన సామాను ఆ స్క్వేర్‌లోనే పడి ఉండిందట, దానికి గుర్తు. మోకాళ్ళ నొప్పికి అమ్మ ట్రామ్ స్టాప్ దగ్గర చిన్న కుర్చీలో కూర్చుంది. కుర్చీలు ఎందుకున్నాయో చెప్పగానే దిగ్గున లేచింది. చిన్నవి కూర్చోడానికే పెట్టారమ్మా, ట్రామ్ కోసం జనం రోజూ కూర్చుంటారు అన్నా వినలేదు, తర్వాత తనకి తనే "మనిషి కూర్చుంటేనే కదే కుర్చీ" అని మళ్ళీ కూర్చుని కొంగుతో ఆ వీపు తుడిచింది.

ఎదురుగానే మందుల షాపు, ఇప్పుడు మ్యూజియం. దాని ఓనర్ తదేవుష్ పాంకియెవిచ్ యూదుడు కాదు, గెట్టోలో షాపు నడుపుతూ ఉండిపోయిన యూదేతర ఫార్మసిస్టు ఆయనొక్కడే, మందులూ కబుర్లూ దొంగచాటుగా చేరవేసేవాడు. సొరుగులు లాగితే లోపల ఫొటోలూ ఉత్తరాలూ ఉన్నాయి. అమ్మ ప్రతి సొరుగూ లాగింది, నన్ను ప్రతిదీ చదివి తెలుగులో చెప్పమంది, మూసేస్తామని స్టాఫ్ వచ్చి నిలబడేదాకా కదల్లేదు.

ఆకలేసి ట్రామ్‌లో కజిమెష్‌కే వెనక్కొచ్చాం, ప్లాట్స్ నోవి మధ్యలో గుండ్రటి మార్కెట్ బిల్డింగు చుట్టూ కిటికీల్లో జపియెకాంక అమ్ముతారు, మూరెడు బ్రెడ్డు మీద పుట్టగొడుగులూ చీజూ వేసి కాల్చింది. ఆ గుండ్రటి బిల్డింగు ఒకప్పుడు యూదుల పద్ధతిలో కోళ్ళు కోసే చోటట, అది మాత్రం అమ్మ తినడం అయ్యాక చెప్పాను. "ముందే చెప్తే తినేదాన్ని కాదు, మంచిపని చేశావ్" అంది, మూతికంటిన కెచప్ తుడుచుకుంటూ.

రేపు వెలిచ్కా ఉప్పు గని, తొమ్మిదింటి స్లాట్. దిగేటప్పుడు మొదటే మూడొందల ఎనభై మెట్లు, మొత్తం ఎనిమిది వందలు, నీ మోకాళ్ళతో వద్దమ్మా, ఇక్కడే రెస్ట్ తీసుకో అన్నాను. పైకి రావడం లిఫ్టేనని ఎక్కడ చదివిందో, దాన్నే పట్టుకుంది. నాన్నకి వీడియో కాల్ చేసి మరీ నా మీద కంప్లయింటు ఇచ్చి, ఆయన చేత "తీసుకెళ్ళు తల్లీ, లేకపోతే ఇంటికొచ్చాక ఏడాదంతా వినేది నేను" అనిపించింది. టికెట్లు రెండూ బుక్ చేసేశాను.