కుదుపులేని గుర్రం

జర్మనీకి మాస్టర్స్‌కి వచ్చిన మనవాళ్ళు చాలామంది గోదాముల్లో డబ్బాలు మోస్తారు, లేదంటే సైకిలేసుకుని ఫుడ్ డెలివరీ చేస్తారు. నాకు దొరికింది గుర్రాల దగ్గర పని. హానోవర్ దగ్గర ఒక పల్లెటూళ్ళో లాయం. వారాంతాల్లో వెళ్ళి లద్ది ఎత్తాలి, గడ్డి వెయ్యాలి, నీళ్ళు చూడాలి. మినీజాబ్ (సంపాదనకు పరిమితి ఉన్న చిన్న ఉద్యోగం) కాబట్టి 2025లో నెలకు 556 యూరోలు దాటకూడదన్నది నియమం. ఇక్కడికి వచ్చేదాకా నేను చూసిన గుర్రాలంటే పెళ్ళి ఊరేగింపువీ, మలక్‌పేట రేసులవీ, అవి కూడా గ్యాలరీలోంచే.

ఈ లాయంలో రెండు జాతులున్నాయి. హానోవేరియన్లు ఈ ప్రాంతానివే, వీటి పెంపకం కోసం 1735లోనే సెల్లేలో సర్కారు అశ్వశాల పెట్టారు. నిలువెత్తు గుర్రాలు, జంపింగ్‌లో వీటిది పెద్ద పేరు. రెండోవి ఐస్‌లాండ్ గుర్రాలు. పొట్టిగా, ఒళ్ళంతా బొచ్చుతో ఉంటాయి, కానీ వాటిని పోనీలంటే మా యజమానురాలు ముఖం మాడ్చుకుంటుంది. యూఏఈలో మా బావ పనిచేసేది 160 కిలోమీటర్ల పోటీలకు వెళ్ళే అరబ్బీ గుర్రాల దగ్గర. వీడియో కాల్‌లో వీటిని చూసి, "గాడిదల్లా ఉన్నాయి కదరా!" అన్నాడు.

అవి కదిలితే తెలుస్తుంది. మామూలు గుర్రం ట్రాట్ (చిన్న పరుగు) చేసేటప్పుడు ముందు కుడికాలు, వెనక ఎడమకాలు జంటగా పడతాయి, తర్వాత మిగతా జంట, మధ్యలో నాలుగు కాళ్ళూ గాల్లోకి లేస్తాయి, అందుకే అలవాటు లేనివాడు ఎక్కితే నడుం పట్టేస్తుంది. ఐస్‌లాండ్ గుర్రానికి నడక, ట్రాట్, దౌడు అనే మామూలు మూడిటికి తోడు టోల్ట్ అని నాలుగో నడక ఉంది. అందులో కాళ్ళు ఒక్కొక్కటే పడతాయి, ఎప్పుడూ ఒక కాలైనా నేల మీదే ఉంటుంది. రోడ్డు మీద వింటే అచ్చం తకధిమి తకధిమి. మీద కూర్చున్నవాళ్ళు కదలరు, నిండు బీరు గ్లాసు చేత్తో పట్టుకుని ఒలకకుండా పోటీలు కూడా పెట్టుకుంటారు వీళ్ళు. కొన్నిటికి స్కెయిత్ అనే అయిదో నడక కూడా ఉంటుంది. ఒకవైపు రెండు కాళ్ళూ కలిసి కదులుతాయి, కొద్ది దూరమే గానీ గంటకు 45 కిలోమీటర్లు దాటిపోతాయి.

ఈ అదనపు నడకలు నేర్పితే వచ్చేవి కావు. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక చిన్న మార్పే కారణమని 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం తేల్చింది, వెన్నుపాములో కాళ్ళ కదలికను నడిపించే నరకణాల మీద అది పనిచేస్తుంది. టెన్నెసీ వాకింగ్ హార్స్‌లో, పెరూవియన్ పాసోలో ఉన్నదీ అదే మార్పు. ఐతే ఆ వరం ఊరికే రాలేదు, అది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చిన గుర్రాలకు మామూలు ట్రాట్, దౌడు అంత బాగా కుదరవు. పైగా సవారీ సరిగ్గా రానివాడు ఎక్కితే టోల్టూ స్కెయిత్తూ కలిసిపోయి ఎటూ కాని నడక వస్తుంది. దాన్ని ఇక్కడ ష్వైనెపాస్ అని తిడతారు, తిట్టు ఎక్కువగా ఎక్కినవాడికే.

నాకు ఎక్కువ పని పెట్టేది మాత్రం వీటి దురద. దీనికి కారణమైన చిన్న దోమలాంటి పురుగు ఐస్‌లాండ్‌లో లేదు, కాబట్టి అక్కడ పుట్టి ఇక్కడికొచ్చిన గుర్రాలకు అది కుడితే ఒంటికి పడదు. జూలు, తోక కంచెకేసి రక్తం వచ్చేదాకా రుద్దుకుంటాయి. వేసవిలో పొద్దు వాలకముందే మెడ నుంచి తోక దాకా, పొట్ట కిందుగా కూడా కప్పే దుప్పటి తొడగాలి, అది పొద్దుటికి ఎక్కడో ఒకచోట చిరిగే ఉంటుంది. తిరిగి పంపేద్దామన్నా కుదరదు. రోగాలు వస్తాయని ఐస్‌లాండ్ చట్టం ఒప్పుకోదు, ప్రపంచ పోటీలకు వచ్చిన గుర్రమైనా, గెలిచినా ఓడినా ఇక ఇటే ఉండిపోవాలి. ఇక్కడ పుట్టినవాటికి ఈ బాధ చాలా తక్కువ, అందుకే మా యజమానురాలు ఈసారి జర్మనీలో పుట్టిన గుర్రప్పిల్లనే కొంటానంటోంది.