స్టార్ట్ కాలేదు, కానీ ప్రెషర్ పోలేదు: ఫ్యూయల్ ఫిల్టర్ మార్చిన నా అనుభవం

పెట్రోల్‌లోని చెత్తను వడకట్టే ఫ్యూయల్ ఫిల్టర్ నా చేతులతో మార్చడం ఇది రెండోసారి. మొదటిసారి కొన్నేళ్ల క్రితం. ఇంజిన్ ఆపి అరగంట అయింది కదా, పెట్రోల్ వెళ్లే గొట్టంలో (లైన్‌లో) ఇంకేముంటుందిలే అనుకుని కారు కిందికి దూరి ఫిల్టర్ బోల్టు వదులు చేశాను. అది పావు చుట్టు తిరిగిందో లేదో, సన్నటి ధార ఒకటి సూదిలా వచ్చి కంట్లో పడింది. పరుగున వెళ్లి పదిహేను నిమిషాలు కుళాయి కింద కన్ను కడుక్కున్నాను. కంటి మంట ఆ రాత్రికే తగ్గింది. మరిచిపోలేనిది వేరే ఉంది. వెలుతురు కోసం నేను పక్కనే వేలాడదీసుకున్న పాతకాలం బల్బు, మోచేతి దాకా పెట్రోల్‌తో తడిసిన నా చొక్కా. ఆ చల్లటి ధార వేడి బల్బు మీద పడి అది పగిలి ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నేను ఎక్కడ పొరబడ్డానో ఆ తర్వాత కూర్చుని చదివి తెలుసుకున్నాను. పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో, అంటే ఇంజిన్‌కి పెట్రోల్‌ను ప్రెషర్‌తో చిమ్మే కార్లలో, పంపు ట్యాంకులోనే ఉంటుంది. పెట్రోల్ వెనక్కి జారిపోకుండా దానిలో ఒక వాల్వ్ ఉంటుంది. మళ్లీ తాళం తిప్పగానే ఇంజిన్ వెంటనే అందుకోవాలని, బండి ఆపిన తర్వాత కూడా లైన్‌లో ప్రెషర్ నిలిచి ఉండేలా కావాలనే అలా తయారు చేస్తారు. మామూలు ఇంజెక్షన్ బండ్లలో ఈ ప్రెషర్ 3 నుంచి 4 బార్ల దాకా ఉంటుంది. కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకే. పాత కార్బ్యురేటర్ బండ్లలో అయితే చాలావాటిలో అర బార్ లోపే. 'బోల్టు విప్పెయ్, ఏం కాదు' అని పెద్దవాళ్లు చెప్పేది ఆ బండ్ల అనుభవంతోనే. వాళ్ల మాట తప్పు కాదు, బండి మారింది.

ఈసారి తొందరపడదలచుకోలేదు. ట్యాంకులో పెట్రోల్ పావు వంతుకు దిగేదాకా ఆగాను. నా కారులో ఫిల్టర్ ట్యాంకు పక్కనే, కింద ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే, ప్రెషర్ తీసేసినా విప్పిన చోటు నుంచి పెట్రోల్ కారుతూనే ఉండొచ్చు. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే ఆరుబయట, చదునైన నేల మీద పెట్టాను. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. నేలనంటి పాకుతూ వెళ్లి ఎక్కడో దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాని నుంచి వస్తుంది. అందుకే షెడ్డులో చేయలేదు. కళ్లజోడు, గ్లవ్స్, ఎల్‌ఈడీ లైటు, చేతికి అందేంత దూరంలో మంటలార్పే సిలిండర్. ఫోన్లు ఇంట్లోనే వదిలేశాం.

అసలు కథ రిలే దగ్గర, అంటే పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి చిన్న డబ్బా దగ్గర, మొదలైంది. పద్ధతి చదవడానికి చాలా సులువుగా ఉంటుంది: ఫ్యూయల్ పంపు ఫ్యూజో రిలేనో పీకేయాలి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి, లైన్‌లో మిగిలింది తాగేసి ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. నేను రిలే పీకాను. తమ్ముడు సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ తిరిగింది కానీ అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. అంతే.

"అన్నా, స్టార్ట్ అవ్వట్లేదు. అంటే ప్రెషర్ పోయినట్టేగా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నేను కూడా తలూపబోయాను. పానా చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఒక్క అనుమానం ఆపింది. లైన్‌లో అంత ప్రెషర్ ఉన్నప్పుడు పంపు లేకపోయినా ఇంజిన్ కొన్ని క్షణాలైనా నడవాలి కదా? ఒక్క క్షణం కూడా ఎందుకు అందుకోలేదు? సర్వీస్ మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ తీసి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్తే జవాబు దొరికింది. నా బండిలో ఆ రిలే పంపుకి ఒక్కదానికే కాదు, ఇంజిన్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు కూడా కరెంటు ఇస్తుంది. అది పీకేస్తే ఇంజెక్టర్లు తెరుచుకోవు. తెరుచుకోకపోతే లైన్‌లోని పెట్రోల్ ఒక్క చుక్క కూడా ఖర్చు కాదు. అంటే ఇంజిన్ స్టార్ట్ కాలేదు, ప్రెషర్ మాత్రం అక్కడే ఉంది. మొదటిసారి నా కంట్లో పడిన ధారే మళ్లీ నా కోసం ఎదురుచూస్తూ ఉంది.

ఈ పని గురించి నేను చెప్పాలనుకున్న అన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే. ఇంజిన్ స్టార్ట్ అవ్వాలి, నడవాలి, తడబడాలి, ఆగాలి. ఈ నాలుగూ జరిగితేనే ప్రెషర్ దిగినట్టు. అసలు స్టార్టే కాకపోతే ఏమీ జరగనట్టు. కొన్ని బండ్లలో ఇంజిన్ దగ్గర లైన్ మీద గేజ్ తగిలించే వాల్వ్ ఉంటుంది, ప్రెషర్ కళ్లతో చూసుకోవచ్చు. నా బండిలో అది లేదు కాబట్టి నాకు ఇంజిన్ ఒక్కటే సాక్షి.

రిలే మళ్లీ పెట్టేసి, వెనక సీటు ఎత్తి, ట్యాంకు మీద ఉన్న పంపు కనెక్టర్ ఊడదీశాను. ఈసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ మామూలుగా అందుకుంది. కొన్ని సెకన్లు నడిచి, దగ్గినట్టు ఊగి, ఆగిపోయింది. ఆ చప్పుడు వినగానే సగం టెన్షన్ పోయింది. లైన్‌లో మిగిలిన కాస్త ప్రెషర్ కూడా పోవడానికి ఇంకో రెండుసార్లు మూడేసి సెకన్లు సెల్ఫ్ కొట్టించాను. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, పెట్రోల్ మూత కూడా తిప్పి వదులు చేశాను. ట్యాంకులో ఆవిరి ఒత్తిడి కూడా ఉంటుంది, అది బుస్సుమని పోయింది.

జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేశాకే కిందికి వెళ్లాను. బోల్టు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి, ఫిల్టర్ కదలకుండా ఒక పానాతో పట్టుకుని రెండోదానితో మెల్లగా తిప్పాను. గుడ్డ కొద్దిగా తడిసింది, అంతే. ప్రెషర్ దించినా లైన్ ఎండిపోదు. ఫిల్టర్ తీశాక అందులోంచి చిన్న గ్లాసెడు పెట్రోల్ కింద పెట్టిన పళ్లెంలోకి కారింది, టీ డికాక్షన్ రంగులో. కొత్త ఫిల్టర్ మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండేలా పెట్టి, బోల్టుకి కొత్త వాషర్లు వేశాను. రెండో వైపు ప్లాస్టిక్ క్లిప్ టక్కుమన్నాక ఒకసారి వెనక్కి లాగి చూశాను.

అన్నీ తిరిగి కలిపాక తమ్ముడు "స్టార్ట్ చేసేయనా?" అన్నాడు. వద్దన్నాను. తాళం ఆన్‌లో పెట్టి, రెండు సెకన్లు ఆగి, ఆఫ్ చేయమన్నాను, అలా నాలుగుసార్లు. పంపు గుర్రుమన్న ప్రతిసారీ నేను జాయింట్ల మీద లైటు వేసి చూస్తున్నాను. ఇక్కడ ఒక్క చుక్క కనిపించినా ఇంజిన్ జోలికి వెళ్లకూడదు. రెండూ పొడిగానే ఉన్నాయి. అప్పుడు స్టార్ట్ చేయమన్నాను.

ఒక హెచ్చరిక. ఇదంతా మామూలు పెట్రోల్ ఇంజెక్షన్ బండికే. పెట్రోల్‌ను నేరుగా ఇంజిన్ సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో ఇంజిన్ దగ్గరి గొట్టాల్లో 200 బార్లు, కామన్ రైల్ డీజిల్‌లో 2,000 బార్ల దాకా ఉండొచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. ఆ గొట్టాల మీద ఈ పద్ధతితో చేయి వేయవద్దు. ఆ బండి మాన్యువల్ ఏం చెబితే అదే చేయాలి.

తడిసిన గుడ్డలను ఉండ చుట్టకుండా బయట ఒక్కొక్కటిగా ఆరేశాను. రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి, ఇంట్లోకి వెళ్లి పడుకున్నాను. పొద్దున లేవగానే వెళ్లి చూశాను. అట్ట మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.