ఎగ్‌నాగ్ చేయబోతే గుడ్డు పొరటు అయింది

న్యూజెర్సీకి వచ్చిన మొదటి డిసెంబర్‌లో షాపులో ఎగ్‌నాగ్ (గుడ్లు, పాలు, క్రీమ్ కలిపి చేసే క్రిస్మస్ పానీయం) డబ్బా కొంటే, మా ఆవిడ ఒక్క గుక్క తాగి "ఇది పాలా, పాయసమా?" అని పక్కన పెట్టేసింది. అయినా పోయినేడు ఆఫీసు పార్టీకి నేనే చేసి తెస్తానని నోరు జారాను.

ఆరు పచ్చసొనలు, అరకప్పు పంచదార, రెండు కప్పుల పాలు, కప్పు క్రీమ్, చిటికెడు ఉప్పు, జాజికాయ పొడి, అంతే కదా అనుకున్నా. సొనల్ని పంచదారతో బాగా గిలకొట్టి, పొయ్యి మీద మరుగుతున్న పాలలో ఒక్కసారిగా కుమ్మరించా. నిమిషంలో గిన్నె నిండా గుడ్డు పొరటు, ఇల్లంతా నీచు వాసన.

అమ్మకి ఫోన్ చేశా. ఎగ్‌నాగ్ పేరైనా వినని మనిషి, "మజ్జిగ పులుసు విరక్కుండా ఎలా కాస్తాంరా? సన్న సెగ మీద, చెయ్యి ఆపకుండా తిప్పుతూ" అంది.

తమాషా ఏంటంటే దీని పూర్వీకుడు పోసెట్‌లో పాలు విరగాల్సిందేనట. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో వేడి పాలను వైన్‌తోనో ఏల్ అనే బీరుతోనో కావాలనే విరగ్గొట్టి తాగేవాళ్ళు. అమెరికాలోని వలస రాజ్యాల్లో పాలకీ గుడ్లకీ కొదవ లేదు, కరీబియన్ రమ్ము చవగ్గా దొరికేది, అలా రమ్ము దీంట్లోకి వచ్చింది. 1826 క్రిస్మస్‌కి వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో మందు నిషేధిస్తే, క్యాడెట్లు ఎగ్‌నాగ్ కోసం విస్కీ దొంగచాటుగా తెచ్చుకుని, తాగి కిటికీలు పగలగొట్టి పెద్ద గొడవే చేశారు. 20 మంది క్యాడెట్లకి కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) జరిగింది. ఆ రాత్రి మందు పార్టీలో ఉండి కూడా ఆ విచారణ తప్పించుకున్న జెఫర్సన్ డేవిస్, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలకి అధ్యక్షుడయ్యాడు!

రెండోసారి పాలు మరగనివ్వలేదు. వేడి పాలనే గరిటెడు గరిటెడుగా సొనల్లో పోస్తూ కలిపా, సొన వేడికి అలవాటు పడ్డాకే అంతా గిన్నెలోకి వంచి సన్న సెగ మీద పెట్టా. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం కాబట్టి థర్మామీటర్ 71 డిగ్రీల సెంటీగ్రేడ్ చూపించేదాకా తిప్పుతూనే ఉన్నా, చెయ్యి లాగేసింది. గరిటె వెనక పల్చటి పూత పట్టగానే దించి, వడకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టా. తాగనివాళ్ళూ ఉంటారని రమ్ము విడిగా పట్టుకెళ్ళా. జాజికాయ మాత్రం అప్పటికప్పుడు తురమాలి, డబ్బా పొడికి ఆ వాసన రాదు.

పార్టీలో జగ్గు దాదాపు ఖాళీ. అడుగున మిగిలింది పొద్దున్నే మా ఆవిడ కాఫీలో పోసుకుంది, "గుడ్డు పాలు ఇంకా ఉన్నాయా?" అని కూడా అడిగింది.