బాపు బండికి కొత్త నంబర్ ప్లేటు

మా బాపు బండి 2009 నాటి హీరో హోండా స్ప్లెండర్. అది ఉండేది కరీంనగర్ దగ్గర మా ఊళ్ళో, నేనుండేది పుణెలో. 2019 ఏప్రిల్ 1కి ముందు తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు పెట్టించాలని, 2025 సెప్టెంబరు 30 గడువని తెలంగాణలో ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ పని నా మీద పడింది. బాపుకు ఆన్‌లైన్ బుకింగులు రావు. నా చేతికి బండి అందదు. మధ్యలో మా చిన్నమ్మ కొడుకు దొరికాడు.

మొదటి అడ్డంకి బాపే. "ఏపీ 15 తీసి టీజీ అని రాస్తరట గదా? నాకొద్దు" అన్నాడు. మక్కలమ్మిన పైసలతో కొన్న బండి అది. టీజీ అక్షరాలు 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకే, పాత నంబరు పాతదే, మారేది రేకు ఒక్కటే అని ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది.

ఈలోగా తమ్ముడు ఒక ప్లేటు ఫోటో పంపాడు. "అన్నా, బస్టాండ్ కాడ స్టిక్కర్ల షాపుల గంటల జేసిస్తరట." పెద్దది చేసి చూశాను. అశోక చక్రం ఉంది, ఐఎన్‌డీ అనే అక్షరాలూ ఉన్నాయి. కానీ చక్రం ఉత్త స్టిక్కరు. అసలుదైతే పైన ఎడమ మూలన హోలోగ్రామ్ వెలుగుకు రంగులు మారుతుంది, కింద లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటుంది. ముందు రేకుకొకటి, వెనక రేకుకొకటి, రెండూ ఆ బండి రికార్డుకే ముడిపడి ఉంటాయి. వద్దన్నాను. టూవీలర్‌కు సర్కారు పెట్టిన ధరే 320 నుంచి 380 రూపాయలు, నకిలీకి పైసలెందుకు?

అసలు తలనొప్పి బుకింగ్ దగ్గర మొదలైంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉన్నట్టే కొట్టాలి. బాపు ఆర్సీ కార్డు పదిహేనేళ్ళుగా చొక్కా జేబులో నలిగి సగం చెరిగిపోయింది. నేను కొట్టిన ప్రతిసారీ వివరాలు సరిపోలడం లేదనే వచ్చింది. ఇక బండి మీదే చూడమన్నాను. హ్యాండిల్ కింద, బండి మెడ దగ్గర గ్రీజూ మట్టీ కలిసి గట్టిపడిపోయి ఉంది. తమ్ముడు కిరోసిన్ గుడ్డతో తుడిచి, సుద్దముక్క అడ్డంగా రుద్ది, అరచేత్తో పైపైన తుడిచేశాడు. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా పైకి తేలాయి. వీడియో కాల్లో ఒక్కొక్కటీ చదివించుకున్నాను. పదిహేడు ఉండాలి, ఉన్నాయి. వాడు "ఓ" అన్న చోటల్లా నేను సున్నా రాసుకున్నాను, ఛాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు కాబట్టి. అయినా తప్పే! చివరికి చూస్తే నేను 8 అనుకున్నది బి. అంతే, పేజీ ముందుకు కదిలింది. మూడు సాయంత్రాలు ఆ ఒక్క అక్షరానికే పోయాయి.

డబ్బు కట్టి, డీలరునీ తేదీనీ ఎంచుకుని, రసీదు వాట్సాప్‌లో పంపాను. అన్నీ చెప్పాననే అనుకున్నాను, కానీ బండి తీసుకెళ్ళమని చెప్పలేదు. తమ్ముడు రసీదు, ఆర్సీ పట్టుకుని బస్సెక్కి వెళ్ళాడు. "ప్లేటు చేతికియ్యం, బండికి మేమే బిగించాలె" అన్నారట. వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తప్పు నాదే. ఒకసారి బిగిస్తే విప్పడానికి రాని స్నాప్ లాక్ వేస్తారు కాబట్టి బండి అక్కడ ఉండాల్సిందే.

మర్నాడు బాపే నడిపాడు, తమ్ముడు వెనక కూర్చున్నాడు. పది నిమిషాల పని. పాత ప్లేటును మాత్రం బాపు అడిగి వెంట తెచ్చుకున్నాడు, దాని మీద వేములవాడ రాజన్న బొమ్మ ఉంది.

రాత్రి ఫోటో వచ్చింది. రేకు తళతళలాడుతోంది, నంబరు అదే. హోలోగ్రామ్ పక్కన ఖాళీలో కొత్త రాజన్న స్టిక్కరు.

"బాపూ, ఆ ప్లేటు మీద ఏదీ అంటించొద్దే" అని ఫోన్ చేశాను.

"గంత జాగ ఉత్తగనే ఉన్నది గదరా" అన్నాడు.

రాజన్న ఇప్పుడు పెట్రోల్ ట్యాంకు మీదికి మారాడు.