నీలి పుస్తకంలో ఒక్క వాక్యం కోసం: కొలరాడోలో బోను వేటగాళ్ల తరఫున నా అనుభవం

వృత్తిరీత్యా నేను వైద్యుణ్ణి. చాలా ఏళ్లుగా అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ప్యూబ్లో పట్టణంలో ఉంటున్నాను. మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన ఏటా చలికాలంలో క్యానన్ సిటీ వైపు కొండల్లో బోనులు పెట్టి బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లిని పడతారు. ఆయన వెంట రెండు శీతకాలాలు తిరిగాక, 2024లో ఆ పనిని నిషేధించాలన్న ప్రతిపాదన రాష్ట్రమంతటా ఓటుకు వచ్చినప్పుడు, ఆయన తరఫున రాయడం, మాట్లాడడం నా బాధ్యతగా తీసుకున్నాను. నాలుగైదు నెలలు సాగిన ఆ ప్రయత్నం ఎలా జరిగిందో, ఇలాంటి పనికి పూనుకునే మరొకరికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు ఆ బోను గురించి చెప్పాలి, ఎందుకంటే వాదనంతా దాని చుట్టూనే తిరిగింది. అది ఇనుప తీగతో అల్లిన పొడవాటి పెట్టె; లోపలి పలక మీద కాలు పడగానే వెనక తలుపు మూసుకుంటుంది. పిల్లి జాతి కదలికను చూసి ఆకర్షితమవుతుంది కనుక, బోనుకు పైన ఒక కొమ్మకు ఈకనో మెరిసే వస్తువునో దారంతో కడతారు. ఆయన నా దగ్గర పాడైపోయిన సీడీ ఒకటి అడిగి తీసుకుని కట్టారు. జునిపెర్ చెట్ల మధ్య అది గాలికి తిరుగుతూ ఎండను రాళ్ల మీదికి విసురుతుంటే అర ఫర్లాంగు దూరం నుంచి నాకే కనిపించేది. బోనును ప్రతిరోజూ వెళ్లి చూసి తీరాలన్నది ఇక్కడి నియమం. ఒక తెల్లవారుజామున అందులో ఎవరిదో పెంపుడు కుక్క ఉంది. తలుపు ఎత్తగానే ఒళ్లు దులుపుకుని, చిన్న గీతైనా పడకుండా పరుగెత్తింది. కాలిని పట్టి ఉంచే ఇనుప ఉచ్చులను కొలరాడో ఓటర్లు 1996లోనే రాజ్యాంగ సవరణ ద్వారా కొద్దిపాటి మినహాయింపులతో నిషేధించారు. నాటి నుంచి తోలు కోసం పట్టేవారికి మిగిలింది ఈ బోనే.

2024 ప్రతిపాదన మొదట 91వ నంబరుతో సంతకాలకు వచ్చింది. ఓటుకు వెళ్లాలంటే ఓటర్లవి 1,24,238 చెల్లుబాటు సంతకాలు కావాలి, అవి వచ్చాయి. ఆపై అది ప్రతిపాదన 127గా ఓటు పత్రానికి ఎక్కింది. కొండ సింహం, బాబ్‌క్యాట్, లింక్స్ అనే మూడు పిల్లి జాతి జంతువుల వేటను నిషేధించాలని అది కోరింది. ప్రాణరక్షణ, పశువుల రక్షణ వంటి మినహాయింపులు ఉన్నాయి. నన్ను కలవరపెట్టింది దాని నిర్వచనం. చంపడం, గాయపరచడం, వెంటాడడంతో పాటు బోనులో పట్టడాన్ని కూడా కలిపి, మొత్తానికి ‘ట్రోఫీ వేట’ అని ఒకే పేరు పెట్టారు. గోడకు తల తగిలించుకునేవాడికీ, రోజూ తెల్లవారకముందే లేచి బోను చూసి, తోలు ఒలిచి, ఆరబెట్టి, అధికారుల చేత సీలు వేయించి అమ్ముకునే ఈ పెద్దాయనకూ ఒకే పేరు ఎలా సరిపోతుంది?

ఇక్కడ ఎన్నికకు ముందు, నమోదైన ఓటర్లున్న ప్రతి ఇంటికీ అందరూ నీలి పుస్తకం అని పిలిచే ఒక ప్రభుత్వ పుస్తకం వస్తుంది. ప్రతి ప్రతిపాదనకూ అనుకూల, ప్రతికూల వాదనలను శాసనసభ పరిశోధనా సిబ్బంది అందులో పొందుపరుస్తారు. ముసాయిదాలు బయటికి వచ్చినప్పుడు ఎవరైనా వ్యాఖ్యలు పంపవచ్చు. నా మొదటి వ్యాఖ్య మూడు పేజీలు. అందులో ఆవేదన ఉంది, ఆధారం లేదు. ఏ పేజీలో ఏ పంక్తి గురించి మాట్లాడుతున్నానో కూడా రాయలేదు. దానివల్ల ప్రయోజనం ఉండదని పంపిన మర్నాడే అర్థమైంది. తరువాతి ముసాయిదాకు పంక్తి సంఖ్యలు వేసి, రెండే విషయాలు రాశాను. మొదటిది, లింక్స్ వేట ఇప్పటికే నిషిద్ధం: 1999లో ఈ రాష్ట్రంలో వాటిని తిరిగి ప్రవేశపెట్టారు, 2000లో కేంద్ర ప్రభుత్వం ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. రెండవది, తోలు కోసం బాబ్‌క్యాట్‌ను పట్టడానికి అనుమతి ఉన్నది ప్రాణాలతో పట్టే బోనుకేనని పాఠకుడికి స్పష్టంగా తెలియాలి. ఒక్కో విషయానికి చట్టంలోని ఆధారాన్ని జతచేశాను. ఆ అరపేజీ రాయడానికి నాకు పది రాత్రులు పట్టింది.

సెప్టెంబరు మొదట్లో డెన్వర్‌లో శాసనసభ్యుల మండలి ముందు విచారణ జరిగింది. ఆ దశలో పుస్తకంలోని మాటలు మార్చాలంటే మూడింట రెండు వంతుల సభ్యులు ఒప్పుకోవాలి. పెద్దాయన తన ఏకైక కోటు వేసుకుని వచ్చారు కానీ మాట్లాడనన్నారు. నేను కుక్క సంగతి, సీడీ సంగతి చెప్పి, తోలు కోసం బాబ్‌క్యాట్‌ను పట్టడానికి అనుమతి ఉన్నది ప్రాణాలతో పట్టే బోనుకే అని రాసుకున్న ఒక్క వాక్యం చదివి కూర్చున్నాను. ఆ వాక్యం మేము కోరిన రూపంలో పుస్తకంలోకి రాలేదు. అయినా ప్రజల ముందు ఎలా చెప్పాలో ఆ గదిలోనే తెలిసింది. ఆ తరువాత ఉత్తరాల్లోనూ, సభల్లోనూ అదే వాక్యంతో మొదలుపెట్టాను.

అందరికంటే కష్టమైన ప్రశ్న డెన్వర్ చుట్టుపక్కల ఉన్న మా తెలుగు మిత్రుల నుంచే వచ్చింది: జీవహింసను సమర్థిస్తున్నావా అని. బాబ్‌క్యాట్ ఇక్కడ అంతరించే జాతి కాదనీ, ఎప్పుడు పట్టాలో, ఎలా పట్టాలో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ నిర్ణయిస్తుందనీ చెప్పాను. చంపడం ఇష్టం లేనివారిని నేను తప్పుపట్టను, మా ఇంట్లోనే ఉన్నారు. కానీ నల్లమల అంచున ఆత్మకూరులో పెరిగినవాణ్ణి కనుక నాకు ఇంకో సంగతి కూడా గుర్తుకొస్తుంది. అడవి బిడ్డల హక్కులను గుర్తించిన మన 2006 చట్టం కూడా వేట, ఉచ్చు పెట్టే సంప్రదాయ హక్కును ఆ జాబితా నుంచి స్పష్టంగా మినహాయించింది. కారణాలు ఉండవచ్చు. చెంచుల చేతిలోని విద్య ఏమిటో ముందు వారినే అడిగి తెలుసుకోవాలన్నది నా పట్టుదల. ఇక్కడా అదే అడిగాను.

అదే ఎన్నికలో డెన్వర్ నగరంలో బొచ్చు వస్తువుల అమ్మకాన్ని నిషేధించే 308వ ప్రతిపాదన కూడా ఉంది. బీవర్ అనే నీటి జంతువు బొచ్చుతో చేసే కౌబాయ్ టోపీల వ్యాపారులు దాని మీద పోరాడారు. ఆ పోరాటంలో నా పాత్ర కొద్దిదే. నవంబరు 5న రెండూ ఓడిపోయాయి. ప్రతిపాదన 127ను దాదాపు 55 శాతం మంది తిరస్కరించారు.

డిసెంబరు 1న బాబ్‌క్యాట్ కాలం మొదలైంది. తెల్లవారుతుండగా ఇద్దరం కొండెక్కాం. బోను ఖాళీగా ఉంది, తీగల మీద మంచు గడ్డకట్టి ఉంది. పెద్దాయన చేతి తొడుగు తీసి పలక మీది మంచును వేలితో గీకి, తలుపు రెండుసార్లు పడేసి చూసి, తెగిన దారం స్థానంలో కొత్తది వేసి సీడీని మళ్లీ కట్టారు.